గురక హక్కులు

అది కాదు మామయ్యగారూ, ఎంతసేపని ఆ పేపరు వెనక దాక్కుంటారు? నాలుగు రోజుల నుంచీ చూస్తున్నా. మధ్యాహ్నం కునుకు లేదు, పలుకు లేదు. పక్కన మీ గురక వినపడకపోతే అత్తయ్యకి కన్ను మూతపడదాయె. ఆవిడ వంటింట్లో తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నారు. కోడలి మీద కోపముంటే కోడల్ని తిట్టాలి గానీ, నిద్ర మానేస్తారా ఎవరైనా?

సరే, మొదలుపెట్టింది నేనే. ఫోటో చూపిస్తే సంగీతం వినిపించే యాప్ చేస్తానని ఉన్న ఉద్యోగం మానేశాను. రంగుని బట్టి స్వరం, వెలుతురుని బట్టి జోరు, అంతా కుదిరింది. శబ్దమే కుదరలేదు! సముద్రం ఫోటో పెడితే ఐస్‌క్రీం బండి వచ్చినట్టుండేది. మా పెళ్ళి ఫోటో పెడితే తలుపు వేయని లిఫ్టు మోగినట్టుండేది. మీ అబ్బాయి ఎంత నవ్వారో మీరూ చూశారుగా.

ఆ మధ్యాహ్నం మీరు ఈ హాల్లోనే నోరు తెరుచుకుని... అబ్బ, ఉన్నమాటేగా! నా లాప్‌టాప్‌లో మైకు ఆన్‌లో ఉండిపోయింది. సాయంత్రం మీరు కూరగాయలకి వెళ్ళాక అదే శబ్దం తగిలించి సముద్రం ఫోటో పెట్టాను. ఒళ్ళు జలదరించింది మామయ్యగారూ! అడుగునుంచి లేచి, పైన కాసేపు ఆగి, సన్నగా ఈల వేసి, ఒక్కసారిగా విరిగిపడింది. వంటింట్లోంచి అత్తయ్య కేకేశారు, "ఆయన్ని పక్కకి తిరిగి పడుకోమనమ్మా!" అని.

అది నెట్‌లో పెడితే జనం వెర్రెత్తిపోయారు. ఏం వాయిద్యం, ఏం వాయిద్యం అని ఒకటే ప్రశ్నలు. మా మామగారి ముక్కు అని రాయగలనా, మీరే చెప్పండి? 'అరుదైన గాలి వాయిద్యం, వాయించేవారు ఒక్కరే మిగిలారు' అని రాసి పడేశాను.

దాంతో యాపూ ఆ వాయిద్యమూ కలిపి కొంటామని ఆ కంపెనీవాళ్ళు దిగారు. వెంట ఆ బట్టతల ప్రొఫెసరు, వాయిద్యాల మీద పరిశోధనట. అసలు సంగతి చెబితే తిట్టి పోతారనుకున్నా. పోతేగా! మూడు మైకులు పెట్టారు. మీరేమో ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. గంట. రెండు గంటలు. ముప్పయ్యేళ్ళు గూడ్సు బండి గార్డుగా చేసి, కుదుపుల్లో కూడా నిద్రపోయిన మనిషికి రెప్ప వాలితే ఒట్టు! చివరికి ప్రొఫెసరే సోఫాలో ఒరిగి గురక లంకించుకున్నాడు. మైకులు మూడూ అటు తిరిగాయి. కాంట్రాక్టు మీద వాయిద్యకారుడిగా సంతకం కూడా ఆయనే పెట్టాడు, నా యాప్ ఊసే ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళాక మీరు చొక్కా విప్పి మడతపెడుతూ, "ఆఖరికి దీనిక్కూడా పనికిరాలేదమ్మా" అన్నారు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

అందుకే చెప్పేస్తున్నా. పేపరు దించకపోయినా సరే, వినండి.

మైకులు పెట్టిన రోజు పొద్దున వాళ్ళ కాగితాలు పూర్తిగా చదివాను. 'వాయిద్యకారుడు ఇకపై ఇతరుల ఎదుట వాయించరాదు' అని ఉంది. అంటే అర్థమైందా? అత్తయ్య పక్కన పడుకోకూడదు! బస్సులో కునుకు తీయకూడదు! ఆ ఒక్క ముక్క తీసేయమని బతిమాలాను. కుదరదన్నారు. నాలుగేళ్ళ చాకిరీ మామయ్యగారూ, నా నోటితో నేనే వద్దని ఎలా చెప్పను? మీ అబ్బాయికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మీకిచ్చిన కాఫీలో నాలుగు చెంచాల పొడి ఎక్కువ వేశాను. ఒక్కసారి కాదు, మూడు గ్లాసులు. చేదుగా ఉందేమ్మా అని మీరంటే, పంచదార తగ్గిందన్నాను. మీరు నమ్మి తాగేశారు.

అదీ సంగతి. మీరు పనికిరాక కాదు, నేను పడుకోనివ్వక.

యాప్ అంటారా? పోతే పోయింది.

తిట్టండి, పడతాను. కాకపోతే ముందు కాసేపు పడుకోండి. లేచాక తిట్టండి.