ఇంద్రజ అంకెలు కట్టుకథ కాదు

కట్టుకథా? ఆ బిడ్డ అంకెలు అల్లి రాసిందా? సీతారామారావు సార్, ఆ విచారణ కాగితం కింద పెట్టండి ముందు. పెట్టి నా మొహం చూడండి.

నేనెవరా? బాగుంది! ఇరవయ్యారేండ్లుగా ఈ ల్యాబులో గాజుసామాను కడిగేదీ, ఫ్రీజర్ల తాళాలు మొలలో పెట్టుకోని తిరిగేదీ ఈ యతిరాజులు కాదా? మీరు గుంటూరు నుంచి కొత్తగా వచ్చినప్పుడు నా మద్రాసు తొండియార్‌పేట తెలుగు విని నవ్వితిరే, ఆ యతిరాజులే. విచారణ అంటే అందరినీ అడగాల గదా? నన్నెందుకు పిలవలా? అటెండరుకు ఏం తెలుసులే అనా?

తెలుసు సార్! తొమ్మిదితో బడి మానినోణ్ణే, అయినా ఇంద్రజ పాప నాకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. గుండె కణంలో మైటోకాండ్రియా ఉంటాయంట, పొయ్యిల మాదిరి. ఒక్కోదానికి రెండు పొరలు. లోపలి పొర దెబ్బతింటే పొయ్యి మండదు, పొగ కక్కుతుంది, కణం చస్తుంది. పాప పరిశోధన చేసే ఈ పెప్టైడు ఉందే, నాలుగే నాలుగు పూసలు గుచ్చిన దండ సార్, మనుషులు చేసింది, అది నేరుగా పోయి ఆ లోపలి పొరకే అతుక్కుంటుందంట. ఎంత అందం! సెంట్రల్‌లో దిగినోడు ఎవుర్నీ దారి అడక్కుండా తొండియార్‌పేట బస్సెక్కినట్టు! నాకు సంతోషం పట్టలేక చప్పట్లు కొడితిని. పాప నవ్వి, "మామా, ఇది మందు కాదు, ఇంకా పరిశోధనే, ఎలుక కణాల మీదే" అనింది.

ఏంది, టైము లేదా? ఒక బిడ్డ బతుకు తీసేదానికి ఉండే టైము, వినేదానికి లేదా? కూర్చోండి సార్.

ఆగస్టులో ఆ పెప్టైడు పోస్తే, దెబ్బతిన్న కణాల్లో నూటికి డెబ్బై బతికినాయి. నేను ఆడనే ఉండాను. పాప చిన్నపిల్ల మాదిరి ఎగిరింది. దీపావళి ముందర మళ్ళీ చేస్తే ఇరవై కూడా నిలవలా. ఇంకోసారి చేసింది, అదీ పోయింది. దానికి మన ల్యాబు పెద్ద హైమవతి మేడమ్ ఏమన్నారు? అట్లయితే ఆగస్టు అంకెలే దొంగవన్నారు. వ్యాసర్పాడి యార్డులో రైలుపెట్టెలు కడిగేవాని కూతురికి ఇంత తెలివి యాడిదని వెనకాల గొణిగినోళ్ళూ ఉండారు. గాజుసామాను కడిగేటప్పుడు చేతులే గదా తడిసేది, చెవులు కాదే!

కొత్త పెప్టైడు చేయించి తెప్పించేదానికి నాలుగు నెలలంట. అంతలోపల పీహెచ్‌డీలోంచి పాప పేరు కొట్టేస్తారంట. అరే, ఆ పెప్టైడు పోసిపెట్టిన గొట్టాలకు ఏమయిందని ఒక్కరన్నా అడిగినారా?

ఫ్రీజరా? దాన్ని అనొద్దు. అది రాయి మాదిరి ఉంది.

చెడింది గొట్టాల్లో సరుకు సార్. నాకెట్లా తెలుసంటారా...

ఆయుధపూజ దినం. బొరుగులు, శనగలు తీసుకోని అందరూ మధ్యాహ్నానికే ఇండ్లకు పోయిరి. మిషన్లకు చందనం, కుంకుమ నేనే పెట్టినాను. సరస్వతి పటం ముందర పుస్తకాలూ తక్కెడలూ పెట్టినాను. పాప కష్టమంతా ఉండేది ఆ పన్నెండు గొట్టాల్లోనే గదా, అవి అమ్మ కంట్లో పడకుంటే ఎట్లా? ఫ్రీజర్లోంచి తీసి దీపం పక్కన వరసగా నిలబెట్టినాను. మూసిపెట్టింది దేవుడికెట్లా చూపిస్తాం? నైవేద్యమంటే మూత తీసే పెట్టాల. తీసినాను, పన్నెండూ.

పూజలో పెట్టింది మరుదినం పునఃపూజ దాకా తాకకూడదు. తాకలా. ఏసీ కూడా ఆపేసి ఉండిరి, ఈ ఊరి ఉక్క మీకు తెలియందా? విజయదశమి పొద్దున అందరికంటే ముందొచ్చి, మూతలు బిగించి మళ్ళీ ఫ్రీజర్లో సర్దినాను. రవ్వంత తగ్గినట్టుండె. అమ్మ ఆరగించిందిలే అనుకుంటిని.

అట్లా చూడబాకండి సార్. తెలియక చేసింది అంతవరకే.

దీపావళి ముందర చెడింది చూడండి, ఆ దినం పాప ఒక గొట్టాన్ని వెలుతురుకు పట్టుకోని అడిగింది, "మామా, ఇవి ఎప్పుడన్నా బయట ఉండినాయా?" అని. లేదమ్మా అంటిని. రిటైరుకు ఎనిమిది నెలలే. నోరు దానంతటదే అనేసింది సార్. ఆ బిడ్డ నన్ను నమ్మింది. నమ్మి, మేడమ్ ముందర నిలబడి తానే చెప్పింది, గొట్టాలు ఫ్రీజరు దాటలేదు, మామ చెప్పినాడు అని. ఇంకేముంది? గొట్టాల తప్పు కాకపోతే తప్పు ఆమెదేగా! ఇదో, మీ కాగితంలో మూడో వరస అదే. నా మాటే.

మీ మీద అరిస్తిని. మేడమ్ మీద అరిస్తిని. ఇంక అరిచేదానికి ఎవురూ మిగల్లేదు.

రాసుకోండి. యాడ సంతకం పెట్టాలో చెప్పండి, తెలుగులోనే పెడతా. ఉద్యోగం పోతే పోనీండి.

పాప బయట బెంచీ మీద కూర్చోనుంది. నేను లోపలికి వస్తావుంటే చెయ్యి పట్టుకోని, "నాకోసం మాట్లాడేదానికి వచ్చిన ఒకే మనిషివి మామా" అనింది.

సంతకం అయినాక వెనక వాకిలి గుండా పోతాను సార్. ఆమెకు మీరే చెప్పండి.