దూది కట్ట

ఫుట్‌బాల్ ఆట ముగిసింది. మైదానం బయట మెట్ల మీద కూర్చుని, మందుల షాపు నడిపే తండ్రి ఎనిమిదేళ్ల కూతురి బూట్ల లేసులు విప్పుతున్నాడు.

"కదలకు. చెవిలో తెల్లగా ఏంటది?"

"ఏం లేదు నాన్నా."

"ఏం లేకపోవడమేంటి, ఇటు తిరుగు. దూది. చెవి పోటా? ఇంట్లో మందుల షాపు పెట్టుకుని చెప్పవేం?"

"పోటు లేదు."

"చీమ దూరిందా?"

"చీమ కూడా కాదు. నాన్నా, ఇవాళ నేను రెండుసార్లు బంతి ఆపాను, చూశావా?"

"చూడకపోతే గొంతు చించుకుని అరిచిందెవరు? మాట దాటెయ్యకు. షాపులో దూది కట్ట నిన్నటి నుంచి కనపడట్లేదు. మీ అమ్మ మీద కూడా అరిచాను."

"అమ్మ మీద కూడానా?"

"కూడానా అంటే?"

"ఏం లేదు."

"కట్ట నువ్వే తీశావా? నీ చెవులకి గోరంత చాలు కదే."

"నా ఒక్కదానికే కాదు. మా జట్టందరికీ."

"ఏడుగురికీనా?"

"ఏడుగురికీ. ఇంకా... అవతలి జట్టు గోల్‌కీపర్‌కి."

"వాడికెందుకే? వాడు మనవాడు కాదుగా."

"బంతి పట్టుకోమంటే ఈగలు తోలుకుంటున్నావేంట్రా అని అరిచావుగా. ఏడ్చాడు. విరామంలో వెళ్లి ఇచ్చొచ్చాను."

"సరదాకి అన్నానే."

"వాడికి సరదా అని తెలీదు. వాడికి ఏడేళ్లే."

"బాగుంది. రిఫరీకి కూడా పంచావా?"

"ఇస్తానన్నాను. వద్దులే, అలవాటైపోయింది అన్నాడు."

"నేనొక్కణ్ణే అరిచానా? మీ జట్టు పిల్లాడి నాన్న, ఆ టైలరు అరవలేదూ?"

"అంకుల్ కూడా అరుస్తాడు. నువ్వు మొదలెడితే ఆయనది వినపడదు."

"నీ కోసమే కదే. నువ్వు గెలవాలని."

"నువ్వు కుడికి అంటావు, కోచ్ సార్ ఎడమకి అంటారు. నేను మధ్యలో నిలబడిపోతాను. అందరూ నవ్వుతారు."

"అంతేనా, ఇంకేమైనా ఉందా?"

"వచ్చే ఆదివారం ఫైనల్‌కి మీ నాన్న రావచ్చా, వద్దా, నువ్వే చెప్పమ్మా అన్నారు కోచ్ సార్."

"నన్నడక్కుండా నిన్నడిగారా?"

"నిన్నడిగితే వస్తాననే అంటావుగా."

"నువ్వేమన్నావ్?"

"ఇంకా చెప్పలేదు."

"వద్దంటే రాను తల్లీ. షాపు చూసుకుంటా. ఆదివారం బేరాలు కూడా బాగుంటాయి."

"ఆదివారం ఎవరికీ జ్వరం రాదని నువ్వేగా అంటావ్."

"అంటాను. ఒకోసారి ఏదో అంటాను. సరే, అటు తిరుగు, రెండో చెవిలోది కూడా తీసేస్తా."

"దాంట్లో లేదు."

"పడిపోయిందా?"

"పెట్టుకోలేదు. మిగతావాళ్లందరూ రెండు చెవుల్లోనూ పెట్టుకున్నారు. నేను ఒక్కదాంట్లోనే."

"అదేం? పంచిపెట్టేసరికి నీకు మిగల్లేదా?"

"మిగిలింది. కానీ రెండూ మూసేసుకుంటే, నువ్వొచ్చావో లేదో నాకెలా తెలుస్తుంది?"