కూరల కత్తి, గాలి స్క్రూ

స్కూటరు షెడ్డు దాకా వచ్చి నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. మెకానిక్కు ప్లగ్గు విప్పి, తెచ్చిన ఇల్లాలికి చూపించాడు. కాటుక పెట్టినట్టు మసి పట్టి ఉంది.

"చూశారా అక్కా? గాలి తక్కువై పెట్రోలు ఎక్కువ లాగుతోంది. అందుకే మూలుగుతూ నడుస్తోంది."

"అయితే మా ఆయన ఆఫీసు దాటి ఎక్కడికీ తిరగట్లేదన్నమాట! ట్యాంకు ఊరికే ఖాళీ అవుతోందని పాపం నేనే అనుమానపడ్డాను."

"తొందరపడకండి. గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటరు దానంతటది పాడవలేదు. గాలి స్క్రూని ఎవరో బిగించేశారు. ఈ కొత్త గీతలు కత్తి మొనవి."

ఆమె వంగి ఆ గీతల్ని దగ్గరగా చూసింది.

"పెట్రోలు ఎటు పోతోందని నేను నిలదీసిన మర్నాడే మా కూరల కత్తి మొన విరిగింది."

"అమ్మో! సారేనంటారా?"

"స్క్రూ సరిచెయ్యి బాబూ. ఆయనకి మాత్రం చెప్పకు."

"చెబితే ఏమవుతుందక్కా?"

"జాగ్రత్తపడతారు. చెప్పకపోతే, ఈసారి ట్యాంకు ఖాళీ అయినా, బాగైందని తెలియక తప్పు కార్బ్యురేటరు మీదికే నెడతారు. అప్పుడు తీరిగ్గా కూర్చోబెట్టి అడుగుతాను, ఎక్కడెక్కడ తిరిగొచ్చారో."