గడువు తేదీని నమ్మిన మనిషి

1990 జూలై 9వ తేదీన కొత్తపట్నం దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేరిన శ్రీ షేక్ మీరా హుస్సేన్ గారు, ముప్పై అయిదేళ్ల సుదీర్ఘ సేవానంతరం, గుంటూరులోని మా క్యాన్సర్ ఆసుపత్రి ప్రధాన ఫార్మసిస్టుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలినాళ్లలో వారు జాలరి పల్లెలకు సైకిలు మీద మందులు మోశారు. తరువాత చిలకలూరిపేటలో పదకొండేళ్లు విధులు నిర్వహించి, 2009లో ఇక్కడికి వచ్చారు. గడువు తీరిన మందు ఒక్క సీసా కూడా వారి కిటికీ దాటి రోగి చేతికి వెళ్లలేదు. ఆ విషయంలో వారి చేత చీవాట్లు తినని సిబ్బంది మాలో లేరు. వారికి తేదీ అంటే తేదీయే.

ఇటువంటి వీడ్కోలు సంచికల్లో నవ్వు పుట్టించే ముచ్చట ఒకటి రాయడం ఆనవాయితీ. నేనూ రాశాను. వారు చదివి కాగితం వెనక్కిచ్చి, "స్తుతి సంగతి రాయమ్మా జ్యోతిర్మయీ. అది లేకపోతే నా గురించి అసలు రాయొద్దు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

2018 ఆగస్టులో, మిరప కోతలకు వెళ్లే కూలీ స్తుతి, భర్త నతానియేలు గారితో మా ఆసుపత్రికి వచ్చింది. ఆమెకు రాసిన కీమో మందు ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నదే అయినా, పేటెంటు వల్ల ఒక్క కంపెనీయే చెప్పిన ధరకు అమ్మేది. నతానియేలు గారు ఉన్న అరెకరం బేరం పెట్టారు. పేటెంటు డిసెంబరుతో తీరుతుందనీ, ఆపైన నాలుగైదు కంపెనీలు అదే మందును చౌకగా తెస్తాయనీ మీరా హుస్సేన్ గారికి తెలుసు. "నాలుగు నెలలు ఆగు బాబూ. పొలం అమ్ముకోవద్దు" అన్నారు. మందుల కిటికీలో వారి పక్కనే పనిచేస్తున్న నేను తలూపాను. డాక్టరు గారిని ఒక మాట అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

సీసా మీద ముద్రించిన గడువులాగే పేటెంటు గడువూ ఆ రోజుతో తీరిపోతుందని వారు నమ్మారు. డిసెంబరులో ఆ కంపెనీ, అదే మందు మీద తమకు మరో పేటెంటు ఉందంటూ కోర్టుకెక్కి, మిగతా కంపెనీలు దాన్ని అమ్మకుండా స్టే తెచ్చుకుంది. కబురు అందగానే నతానియేలు గారు అరెకరం అమ్మి మందు కొన్నారు. అప్పటికే జబ్బు కాలేయానికి పాకింది. ఫిబ్రవరిలో, కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, స్తుతి కన్నుమూసింది. చౌక మందు అక్టోబరులో వచ్చింది.

మీరా హుస్సేన్ గారు వాళ్ల ఊరు వెళ్లి క్షమాపణ కోరారు. నేనూ వెంట ఉన్నాను. నతానియేలు గారు మంచం వాల్చి కూర్చోబెట్టారు. "నేనైతే ఆ రోజే అమ్మేసేవాణ్ణండి. సారు చెప్పారుగా అని మా స్తుతే ఆపింది" అన్నారు. క్షమించానని అనలేదు.

ఆ తరువాత "ఆగండి" అన్న మాట వారి నోట మేము వినలేదు. మందు లేదంటే ఆ నిమిషమే చీటీ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి తామే నడిచేవారు. దాతలకు ఫోన్లు చేసి విసిగించేవారు. అలా ఎందరికి మందు అందిందో రాయబోతే వద్దన్నారు.

శ్రీ మీరా హుస్సేన్ గారికి, వారి అర్ధాంగి కరీమున్ గారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. మనశ్శాంతి కూడా కలగాలని రాసి, కొట్టేశాను. వారికైనా నాకైనా దాన్ని ఇవ్వగలిగింది నతానియేలు గారొక్కరే.