కెంచమ్మ కడుపులో నీళ్ల తిత్తి

కెంచమ్మ అని ఒక కురుబోళ్ల ఆడమనిషి. మొగుడు పిడుగు పడి సచ్చిపోయి అప్పటికి ఆరేండ్లు. పిల్లల్లేరు. అరవై గొర్రెలు, కరియ అని ఒక నల్ల కుక్క, అంతే ఆయమ్మ సంసారం. మరిది తిమ్మప్ప ఉండాడు గానీ వాని మంద వానిది, ఈయమ్మ మంద ఈయమ్మది. మొగోడు లేకపోతే మందెట్ల తోలుతావు వదినా అని వాడంటే, గొర్రెలకి నా గొంతు తెలుసు, నీ గొంతు తెలీదు, పో అన్నెంట. అట్లాంటి మనిషి. ఆ కుక్కంటే ఆయమ్మకి పానం. ఒకసారి తోడేలు వచ్చి మందలో పడితే కరియ తన మెడ చీలినా దాన్ని వదల్లేదంట. ఆ పొద్దు నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకునేది, ముద్దులు పెట్టుకునేది, సంగటి తినేటప్పుడు తనొక ముద్ద, దానికొక ముద్ద, అదే చేత్తో. మనోళ్లు చేసేదే గదా, కొత్తేముంది? ఇంగ గొర్రె ఏదన్నా సచ్చినా, జాతరకి కోసినా, కార్జంలో ఒకోసారి నీళ్ల బుగ్గలుంటాయి సూడండి, తెల్లగా, గోలీకాయలంత. అవి మనిషి తినడు. కోసి కుక్క ముందర ఇసిరేసేది. ఊరంతా అట్లే చేసేది.

ఇట్లుండంగా ఏమైందంటే, ఆయమ్మకి కడుపు లేవబట్టింది. కుడిపక్క, డొక్క కింద, ముందు కొంచెం, మళ్ల ఇంకొంచెం. నొప్పి అంటే పెద్ద నొప్పి కాదు, బరువంట. వంగితే ఊపిరాడదు, సంగటి రెండు ముద్దలు తినంగానే నిండిపోతాది. అనుకో, మొగుడు లేని ఆడదానికి కడుపు కనపడితే ఊరు ఊరుకుంటాదా? ఈ మంద తోలేదానికి ఒకటే చోటా, ఎరువు కోసరం ఈ పొద్దు ఒక రైతు చేన్లో, రేపు ఇంకో రైతు చేన్లో. ఏ చేన్లో జరిగిందో అని ఒకామె, ఎవరి చేనైనా ఎరువు బాగా పడిందిలే అని ఇంకొకామె. నగొద్దండి. మీరు గానీ నేను గానీ ఆ పొద్దు ఉంటే మనమూ అనేవాళ్లమే. తిమ్మప్ప పెండ్లాం ఈయమ్మ బిందె తగిలితే తన బిందె కడుక్కునేదంట.

కులపెద్దలు పిలిపించినారు. పేరు చెప్పు కెంచమ్మా, చెప్తే సరిపోతాది అన్నారు. ఆయమ్మ నిలబడుకోనే, పేరుంటే గదప్పా చెప్పేదానికి అన్నె. మరి ఆ కడుపేంది? నాకేం తెలుసు, నా కడుపు నాకు లోపలికి కనపడతాదా? పెద్దోళ్లకి కోపమొచ్చింది. కాన్పయ్యేదాకా ఊర్లో ఎవరూ నిప్పియ్యొద్దు, నీళ్లియ్యొద్దు అన్నారు. తిమ్మప్ప ఆడే ఉండాడు. తల దించుకున్యాడు గానీ ఒక్క మాట మాట్లాడలా. అది ఆయమ్మకి బాగా తగిలె. ఊరు అనింది సరే, నా మరిది నోరేమైంది అని, గుట్ట కాడికి పోయి, కుక్క మెడ పట్టుకోని ఏడ్సిందంట.

సరే, తొమ్మిది నెలలాయె. కాన్పు లేదు. పదాయె. పన్నెండాయె. కడుపు అట్లే ఉంది, ఇంకా పెరుగుతాంది. ఊర్లో నోర్లు మెల్లగా మూతబడె. ఏనుక్కైనా ఒక లెక్కుంటాది గదా అని ఒక ముసలోడు అంటే, ఇంగొకడు గాలి సోకిందన్యాడు, ఇంగొకడు మొగుడే కడుపులో కూసున్యాడన్యాడు. ఆయమ్మ మాత్రం సన్నగిలిపాయె. కాళ్లు కట్టెలు, కడుపు కుండ. సచ్చిపోతానేమో, నేను పోతే గొర్రెలు సరే, ఈ కుక్కకెవరు దిక్కు అనుకునేదంట.

అట్లుండంగా ఒక పొద్దున మందలో ముసలి గొర్రె ఒకటి సచ్చిపాయె. ఈయమ్మే కోసింది. పొట్ట చీల్చి కార్జం చేతిలోకి తీస్తే, బరువు! ఎప్పుడూ ఉండే గోలీకాయలు కాదు, నా పిడికిలంత తిత్తి, నీళ్లతో బిర్రుగా. కత్తి పక్కన పెట్టె. ఎడమ చెయ్యి కడుక్కోని, చీరె మీదనే తన డొక్క కింద అదిమి చూసుకున్నె. కుడి చేతిలో కార్జం, ఎడమ చేతి కింద కడుపు. రెండూ ఒకే మాదిరి బిర్రు. కరియ ఎప్పటి మాదిరి వచ్చి ముందర కూసోని నాలుక తడుపుకుంటాంది. ఆ పొద్దు మాత్రం దానికి ఇసిరెయ్యలా.

ఆ కార్జాన్ని సద్ది క్యారియర్లో పెట్టి మూత బిగించి బస్సెక్కింది. క్యారియర్లోనుంచి చుక్క కారతా ఉంటే కండక్టరు, ఏముందమ్మా దాంట్లో అనడిగె. నా కడుపులో ఉండేదే నాయనా అన్నెంట! ఆ పిల్లోడు మళ్ల దగ్గరికి రాలా.

మనిషి డాక్టరు కాడికి పోలేదు చూడండి, పశువుల డాక్టరమ్మ కాడికి పోయింది. గొర్రెలకి సూదులేసే చిన్నమ్మి, పేరు వహీదా. మూత తీసి చూపించి, తల్లీ, ఇది మనుషులకి వస్తాదా అనె. ఆ డాక్టరమ్మ కార్జం చూసింది, ఈయమ్మ కడుపు చూసింది, మొకం చూసింది. నీకు కుక్కుందా అనడిగె. ఉంది. ఈ బుగ్గలు దానికేస్తావా? ఏస్తా. ముద్దు చేస్తావా? కెంచమ్మ తలూపింది. ఇంగ ఆ డాక్టరమ్మ నిలబళ్లేదు, చేతిలో పని చేతిలో వదిలి, తన స్కూటరు మీద కూసోబెట్టుకోని పెద్దాసుపత్రికి తీసకపాయె. ఆడ మిషను పెట్టి చూస్తే కార్జంలో నీళ్ల తిత్తి, టెంకాయంత. ఏండ్లుగా పెరుగుతా ఉందంట. పగిలితే పానానికే మోసమంట.

ఆపరేషన్ చేసినారు. తీసింది సీసాలో పెట్టి చూపించినారంట, తెల్లటి పొర, లోపల చిన్న చిన్నవి, ద్రాక్షపండ్ల మాదిరి. నర్సులు మొకం తిప్పుకుంటే ఆయమ్మ మాత్రం సీసా చేతిలోకి తీసుకోని, ఊర్లో వాళ్లకి చూపించల్ల, ఇయ్యండి అన్నెంట. ఇయ్యలా.

వహీదా డాక్టరమ్మ మంచం కాడ కూసోని చెప్పింది. కుక్క ఆ బుగ్గలు తింటే దాని పేగుల్లో పురుగవుతాది. పెద్దది కూడా కాదు, బియ్యపు నూకంత. దాని గుడ్లు కుక్క దొడ్డికి పోయిన చోట పడతాయి, బొచ్చుకంటుకుంటాయి, కంటికి కనపడవు. గడ్డితో గొర్రె తింటాది, కుక్కని ముట్టిన చేత్తో మనిషి తింటాడు. గొర్రెలో బుగ్గ, మనిషిలో బుగ్గ. ఆ గొర్రె బుగ్గ మళ్ల కుక్కకే ఏస్తారు. కెంచమ్మ అంతా విని, అంటే నేనే ఏసి నేనే తెచ్చుకున్యానా అనె. నువ్వొక్కదానివే కాదమ్మా, ఊరంతా అన్యాది డాక్టరమ్మ.

ఈ సంగతి ఆయమ్మ కన్నా ముందు ఊరికి చేరె, అదీ సగమే. కుక్క వల్ల వచ్చిందంట అని! ఇంగేముంది, మంద కుక్కలన్నిటినీ కొట్టేద్దాం అన్నారు. ముందర లేసింది ఎవరు? తిమ్మప్ప. ఆ పొద్దు వదిన పక్క నోరు తెరవలేదని లోపల కుమిలిపోతా ఉండాడు గదా, ఇప్పుడన్నా ఏదో ఒకటి చెయ్యల్లని కరియని రాతిగూటానికి కట్టేసి, బడితె ఎత్తినాడు. అప్పుడే కెంచమ్మ బస్సు దిగొచ్చె. కుట్లు లాగుతా ఉంటే కడుపు పట్టుకోని, నడిచి కాదు, ఈడ్సుకుంటా వచ్చి కుక్క ముందర నిలబడె. తిమ్మప్పా, బుగ్గల్ని అది అడిగి తెప్పించుకునిందా, నేను ఇసిరినానా? ఇసిరింది ఈ చెయ్యి. కొడితే దీన్ని కొట్టు, అని చెయ్యి చాపె. వాడు బడితె పారేసి, వదినా, ఆ పొద్దు నేను మాట్లాడింటే ఇంత దూరం వచ్చేది కాదు గదా అని ఆడే కూలబడి ఏడ్సె. ఏడిస్తే కాదు, గుంత తవ్వు అన్నె ఆయమ్మ.

తవ్వినాడు. నడుం లోతు, పైన బండ. ఆ పొద్దు నుంచి సచ్చిన గొర్రె పేగులు, కార్జం అన్నీ దాంట్లోకే. డాక్టరమ్మ వచ్చి కుక్కలకి మాత్రలిచ్చింది, సంగటి ముద్దలో పెట్టి మింగించినారు. వాటి దొడ్డి పారతో ఎత్తి కాల్చినారు. మూణ్ణెల్లకొకసారి అదే పని. పెద్దమనిషొకాయన వచ్చి తప్పైపోయింది తల్లీ అంటే, తప్పు సరేలే, నీ కుక్కేది, మాత్రెయ్యల్ల అన్నెంట! ఉన్న గొర్రెల్లో ఉన్న బుగ్గలు పోలేదనుకో, అవి పోవు. కానీ మూడో ఏడు జాతరలో, ఆ తర్వాత పుట్టిన పొటేళ్లని కోస్తే, ఒక్కదాని కార్జంలో కూడా బుగ్గ లేదు. నున్నగా, ఎర్రగా. కోసేటోడు ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తా ఉంటే జనం దేవుణ్ణి వదిలేసి కార్జాన్ని చూసినారు.

ఆయమ్మ ఇప్పుడూ ఉంది. పోయిన వారమే కనపడె, గట్టిగా, నల్లగా, కంబళేసుకోని. ఏమ్మా కెంచమ్మా, రెండు ముద్దలు సంగటి పెడతావా అని కూసున్యా. చెంబు నా చేతికిచ్చి, ముందు చేతులు కడుక్కో, కత చెప్పేటోడివి, ఊర్లన్నీ తిరుగుతావు అన్యాది. ఏం చేస్తా, కడుక్కున్యా. మీరు కూడా లేసేముందు కడుక్కోండప్పా, నాకేం పోతాది.