భూకంపాన్ని మింగిన డాంపరు

లారీ డ్రైవరుకి రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. లారీల మరమ్మతు షెడ్డు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూలబడి, కాళ్ళ దగ్గరున్న రెండు అట్టపెట్టెల్ని చూస్తున్నాడు. ఒకదాంట్లో రబ్బరు డాంపరు, రెండోదాంట్లో నూనె డాంపరు. సాయంత్రంలోగా ఒకటి ఉంచుకుని ఒకటి స్పేరుపార్టుల కొట్టుకి తిప్పి పంపాలి.

అతనిది కొండలెక్కడానికి బలం పెంచిన డీజిల్ ఇంజిను. ఆ పోటుకి లోపల తిరిగే క్రాంకు కడ్డీ మెలి తిరిగి వణుకుతుంది. ఆ వణుకంతా తన ఒంట్లోకి లాక్కునే బరువైన చక్రమే డాంపరు. కిందటిసారి నూనెది కావాలని పట్టుబట్టింది అతనే. ఆరు నెలలకే క్రాంకు రెండు ముక్కలైంది. కొత్త క్రాంకు కూడా విరిగిందంటే లారీ ఇక తుక్కుకే. తన చేతులారా చేసుకున్నానే అని తిట్టుకోని పూట లేదు.

"నా మాట విని రబ్బరుది బిగించుకో అబ్బాయ్," అన్నాడు పిడుగు మేస్త్రి. షెడ్డు ఆయనదే. "ఇంజిను మీద అరచెయ్యి వేస్తే ఏ సిలిండరు అలిగిందో చెప్పేవాణ్ణి నేను."

"చెప్పావులే బాబాయ్, చాలాసార్లు."

"క్వారీ ఇంజిను సంగతి చెప్పలేదుగా! దాని వణుకు ఎలాంటిదనుకున్నావ్, ఎదురింటి కోడి గుడ్డు పెడితే పెంకులోనే గిలక్కొట్టినట్టయిపోయేది, ఫోర్‌మన్ కట్టుడుపళ్ళు జేబులో పెట్టుకుంటే జేబులోనే నమిలేవి, పదిమంది ఇంజనీర్లు వచ్చి తలలు పట్టుకుని పోయారు. అప్పుడు నాకు కబురొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వెళ్ళుంటావు," అంది టీకొట్టు అత్త గ్లాసులు కడుగుతూ.

"వెళ్ళాను. నలభై డాంపర్లు వరసగా పెట్టించాను. ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ముప్ఫైతొమ్మిదీ నోరు మెదపలేదు, నలభయ్యోది 'మేస్త్రీ, నన్ను తీసుకో' అంది. తీసుకుని క్రాంకు ముక్కుకి ఆనించి, పెద్ద సుత్తితో ఒక్కటే దెబ్బ! అంతే, కూర్చుంది. ఇంజిను ఎంత నెమ్మదించిందంటే, నడుస్తోందో లేదో తెలియక రోజూ రెండోసారి స్టార్టు చేసేవాళ్ళు. ఇంతలో భూకంపం! ఊరంతా ఊగింది. క్వారీలో మాత్రం గ్లాసులో నీళ్ళు కదల్లేదు. భూకంపం మొత్తం డాంపరులోకి దూరిపోయింది. ఇప్పటికీ బయటికి రాలేదు!"

డ్రైవరు నవ్వలేదు. అందుకు కూడా ఓపిక ఉండాలి. అత్త రెండు టీలు తెచ్చి, గ్లాసులు పెట్టుకోవడానికి బెంచీ మీద పడేసుకున్న పాత చక్రం మీద పెట్టింది. అది అతని ఇంజినులోంచి తీసిన నూనె డాంపరే. సోమవారం మేస్త్రి పారేస్తే అత్త తెచ్చుకుంది. అతని ముందు గ్లాసు ఒరిగి, వేడి టీ ప్యాంటు మీద ఒలికింది.

"అయ్యో, ఆ మూల పెట్టేశానా! అక్కడ గుంటుంది నాయనా."

డ్రైవరు చక్రం మీది టీ తుడిచాడు. అంచు దగ్గర గుండ్రటి గుంట. మేస్త్రి పక్కన పడున్న సుత్తిని డ్రైవరే తీసి అందులో ఆనించాడు. కొలత తీసి చేసినట్టు అతికింది.

కొత్త నూనె డాంపరు పెట్టెలోని కాగితాన్ని పొద్దుట్నుంచి నాలుగుసార్లు చదివాడతను. నూనెలో తేలే లోపలి చక్రానికీ పై రేకుకీ మధ్య వెంట్రుకంత సందే ఉంటుంది, రేకు సొట్టపడితే చక్రం పట్టేసి డాంపరు చచ్చినట్టే, సుత్తి తగలనివ్వద్దు అని అందులో రాసుంది.

"బాబాయ్," అన్నాడు మెల్లగా, "క్వారీలో కొట్టిన దెబ్బేనా ఇది?"

మేస్త్రి సుత్తిని గుంటలోంచి తీసి కింద పెట్టాడు.

"భూకంపాన్ని మింగించావట," అంది అత్త, "నాలుగు రోజులుగా గ్లాసుడు టీని నిలబెట్టలేకపోతోంది!"

మేస్త్రి బొటనవేలితో గుంటని తడిమాడు. "ఆ రోజు డాంపరుని సుత్తి లేకుండా లోపలికి లాగి కూర్చోబెట్టే బోల్టు దొరకలేదురా. లోడుందని తొందరపెడుతూ నువ్వేమో గుమ్మంలో నిలబడ్డావు. ఒక్క దెబ్బే కదా అనుకున్నా."

డ్రైవరుకి కోపం రావాలి. రాలేదు. ఇన్ని రోజులూ తన్ను తాను తిట్టుకోవడానికే ఉన్న కోపమంతా అయిపోయింది. రబ్బరు డాంపరు పెట్టెని కాలితో పక్కకి నెట్టి, నూనెదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"బోల్టు వెతుకు బాబాయ్. ఈసారి గుమ్మంలో నిలబడను, పక్కనే కూర్చుంటా."

మేస్త్రి లేచాడు. సుత్తి కోసం వంగాడు. అప్పటికే అత్త దాన్ని తీసి పొయ్యి వెనక పెట్టేసింది. ఆయన అడగలేదు. ఉత్త చేతులతోనే షెడ్డులోకి నడిచాడు.