వెనక సీటు లేని బండి

మంచం తీసేసిన పడకగదిలో తమ్ముడు సొంతంగా కట్టుకున్న మోటారు సైకిలు నిలబడి ఉంది. నిన్ననే ఆరిన నీలం రంగును అతను మళ్లీ గరుకు కాగితంతో గీకేస్తుంటే, అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"నిన్న అద్దంలా మెరిసింది కదరా! మళ్లీ ఏం రోగమొచ్చింది దానికి?"

"దుమ్ము పడిందక్కా."

"దుమ్మూ లేదు, నా మొహమూ లేదు. రంగు పూర్తయితే బండి వీధిలోకి తియ్యాలి. అదీ నీ బాధ."

అతను ఇంకో గరుకు కాగితం ముక్క చింపుకున్నాడు.

"సరే, నన్నెక్కించుకుని వీధి చివరిదాకా తీసుకెళ్లు. ఒక్కసారి గడప దాటితే ఆ భయం అదే పోతుంది. అదేంట్రా, వెనక సీటేది?"

"పెట్టలేదు."

"కాళ్లు పెట్టుకునే కడ్డీలు?"

"కోసేశాను. నా వెనక ఇంకెవరూ కూర్చోకూడదు."

"ఆ రోజు తప్పు లారీవాడిదిరా. మరదలు నీ వల్ల పోలేదని ఊరంతా చెప్పింది."

"ఊరంతా చెప్పింది. తను చెప్పలేదుగా."

అక్క లోపలికొచ్చి బండి పక్కన నేలమీద కూర్చుంది.

"పోనీ, ఒక్కడివే వెళ్లు. ఒంటరి బండే కదా కట్టుకున్నావు!"

"రంగు వెయ్యకముందు ఒకసారి పెరట్లోకి దింపి ఎక్కానక్కా. తను సర్దుకుని కూర్చుని, నా భుజం తట్టి 'ఊఁ' అంటేనే ఎప్పుడూ బండి కదిపేవాణ్ణి. ఆ వేళ కూడా ఇంజను స్టార్ట్ చేసి, ఆ 'ఊఁ' కోసం కూర్చున్నాను."

"ఎంతసేపురా?"

"పెట్రోలు అయిపోయేదాకా."